పదహారు చేతికొస్తే



మీ ఇంట్లో పేకకట్ట ఉంటే ఒకసారి బయటికి తీయండి. లేకపోతే మనసులోనే తీయండి, నాతో పాటు నడవచ్చు. కట్టలోంచి ఇస్పేటు ముక్కలు మాత్రం ఏరండి. ఆసు నుంచి రాజు దాకా, మొత్తం పదమూడు. రమ్మీలో చేతికి వచ్చేన్ని. వాటిని బల్ల మీద వరసగా పరవండి. ఆసు, రెండు, మూడు, నాలుగు... అలా చివరికి జాకీ, రాణి, రాజు.

పరిచారా? వాటిని అలాగే ఉండనివ్వండి. ఈ ప్రసంగం అయ్యేదాకా వాటితో పనుంది.

ఇవాళ బ్లాక్‌జాక్ అనే ఆట గురించి మాట్లాడుకుందాం. క్యాసినోల్లో ఆడే పేకాట ఇది. నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ని. క్యాసినో గడప ఒక్కసారీ తొక్కలేదు. కానీ తరగతిలో ‘సంభావ్యత’ అనే మాట నల్లబల్ల మీద రాయగానే వెనక బెంచీలవాళ్లు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టేవారు. పేకముక్కలు తీసి ఈ ఆట మొదలుపెడితే మాత్రం వెనక బెంచీ ముందుకొచ్చేది. అప్పటినుంచీ దీని మీద నాకు మక్కువ.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మీకు రెండు ముక్కలు పంచుతారు. పంచేవాడూ రెండు తీసుకుంటాడు. పంచేవాడంటే క్యాసినో ఉద్యోగి. డీలర్ అంటారు. ఆయన ముక్కల్లో ఒకటి తెరిచి ఉంటుంది, రెండోది బోర్లా ఉంటుంది. మీ ముక్కల విలువలు కూడుకోవాలి. 21కి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లది గెలుపు. 21 దాటితే ఆట పోయినట్టే. జాకీ, రాణి, రాజు, ముగ్గురి విలువా పదే. ఆసుని ఒకటి అనుకోవచ్చు, పదకొండు అనుకోవచ్చు, మీ ఇష్టం. చాలకపోతే ఇంకో ముక్క అడగండి. చాలనుకుంటే ఆగండి. అంతే ఆట.

ఇప్పుడు మీ చేతిలో ఒక పది, ఒక ఆరు ఉన్నాయనుకోండి. పదహారు. డీలర్ ముందు తెరిచి ఉన్నది రాజు. అంటే పది. ఏం చేస్తారు? ఇంకో ముక్క అడుగుతారా, ఆగుతారా?

జవాబు నేనిప్పుడే చెప్పను. ముందు మీరు అనుకోండి.

మీ బల్ల మీద ముక్కలు చూడండి. పదహారుకి ఏది కలిస్తే బతుకుతాం? ఆసు పడితే పదిహేడు. రెండు, మూడు, నాలుగు పడినా పర్వాలేదు. ఐదు పడితే ఇరవై ఒకటి, పండగే. ఆరు పడిందా, ఇరవై రెండు. పోయింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ, రాణి, రాజు, ఏది పడ్డా పోయినట్టే. లెక్కపెట్టండి. బతికించేవి ఐదు. ముంచేవి ఎనిమిది.

కట్టలో నాలుగు జాతులు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. ప్రతి ముక్కా నాలుగేసి ఉంటుంది. క్యాసినోలో ఆరు కట్టలు కలిపి పంచితే ఇరవై నాలుగేసి ఉంటాయి. ఎన్ని కట్టలు కలిపినా ఐదుకి ఎనిమిది అన్న పాలు మారదు. ఆట సాగేకొద్దీ కొన్ని ముక్కలు బయటికి వెళ్లిపోతాయి, కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ కాస్తని ఇవాళ్టికి వదిలేద్దాం.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇది మళ్లీ మళ్లీ చెబుతాను. రాబోయే ముక్క ఏదో మనకు తెలియదు. కానీ ఏ ముక్కలు ఎన్ని ఉన్నాయో తెలుసు. ఈ ఆటలో తెలివి అంటూ ఏదైనా ఉంటే అది ఈ రెండో మాటలోనే ఉంది.

ఇప్పుడో చిక్కుప్రశ్న. డీలర్‌కీ మనకీ ముక్కలు వచ్చేది ఒకే కట్టలోంచి. 21 దాటితే ఇద్దరికీ పోయినట్టే. మరి క్యాసినోవాడికి లాభం ఎక్కణ్నుంచి వస్తోంది? ఆ భవనాలు, ఆ దీపాలు, ఉచితంగా పోసే ఆ డ్రింకులు, ఇదంతా ఎవరి డబ్బు?

కిటుకు వరసలో ఉంది. ముందు ఆడేది మనం. మనం 21 దాటితే అక్కడికక్కడే మన పందెం లాగేసుకుంటారు. తర్వాత డీలర్ కూడా దాటాడనుకోండి. అయినా మన డబ్బు తిరిగి రాదు. ఇద్దరూ మునిగితే ఓడింది మనం ఒక్కళ్లమే. డీలర్ సగటున నూటికి 28 సార్లు దాటిపోతాడు. మనమూ అచ్చం అతనిలాగే ఆడితే మనమూ అన్నిసార్లే దాటుతాం. అలాగైతే నూరు ఆటల్లో దాదాపు ఎనిమిది ఆటల్లో ఇద్దరూ మునుగుతారు. ఆ ఎనిమిదీ క్యాసినో ఖాతాలోకి వెళ్తాయి. క్యాసినోవాడు మోసం చేయనక్కర్లేదు, ముక్కలు దాచనక్కర్లేదు. మనల్ని ముందు ఆడమంటే చాలు.

మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది కలిసి వస్తే దాన్ని బ్లాక్‌జాక్ అంటారు. దానికి మామూలు కన్నా ఎక్కువ ఇస్తారు. అందువల్ల ఆ ఎనిమిదిలో కొంత మనకు తిరిగొస్తుంది. అయినా డీలర్‌ని అనుకరించి ఆడేవాడు ప్రతి వంద రూపాయల పందెం మీద సగటున అయిదున్నర రూపాయలు అక్కడే వదిలి వస్తాడు.

మరి డీలర్‌కి లేనిది మనకు ఏముంది? ఇక్కడ నలుగురు సైనికుల కథ చెప్పాలి.

1953. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం. అక్కడ అబెర్డీన్ అనే చోట సైన్యానికి ఆయుధాలు పరీక్షించే పెద్ద స్థావరం ఉంది. ఒక రాత్రి బ్యారెక్స్‌లో కుర్రాళ్లు పేకాడుతున్నారు. వంతు వచ్చినవాడు ఏ ఆట చెబితే ఆ ఆట ఆడాలి. ఒకతను బ్లాక్‌జాక్ అన్నాడు. అని, లాస్ వేగాస్‌లో నియమం ఇలా ఉంటుందని చెప్పాడు. డీలర్‌కి పదహారు గాని అంతకు తక్కువ గాని ఉంటే ముక్క తీసి తీరాలి. పదిహేడు వస్తే ఆగి తీరాలి. తన ఇష్టంతో పనిలేదు.

ఆ ఆటలో రోజర్ బాల్డ్విన్ అనే కుర్రాడు ఉన్నాడు. గణితంలో ఎం.ఏ. చదివి సైన్యంలో మామూలు జవానుగా ఉన్నవాడు. ఆ నియమం వినగానే అతని బుర్రలో దీపం వెలిగింది. డీలర్‌కి ఇష్టం అన్నదే లేదంటే, అతను ఏం చేస్తాడో ముందే తెలిసినట్టే కదా? అతనికి ఏ ముక్క వస్తుందో తెలియదు. ఏ ముక్క వస్తే ఏం చేస్తాడో మాత్రం తెలుసు. అలాంటప్పుడు లెక్క కట్టొచ్చు.

మర్నాడు తన పై అధికారి సార్జెంట్ విల్బర్ట్ కాంటీ దగ్గరికి వెళ్లాడు. ఆఫీసులో లెక్కలు చేసే యంత్రాలు వాడుకోవచ్చా అని అడిగాడు. కాంటీ కూడా గణితం చదివినవాడే. కాదనడానికి బదులు తనూ చేరాడు. హెర్బర్ట్ మైసెల్, జేమ్స్ మెక్‌డెర్మట్ అని మరో ఇద్దరు కలిశారు. మొత్తం నలుగురు.

యంత్రాలంటే కంప్యూటర్లు అనుకునేరు. అదే స్థావరంలో ఎనియాక్ ఉండేది. గది నిండా పరుచుకున్న తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్. అది ఫిరంగి గుండ్ల లెక్కల్లో తలమునకలుగా ఉండేది. ఈ నలుగురికీ దక్కింది బల్ల మీద పెట్టుకునే యంత్రాలు. మీటలు నొక్కితే కూడికలూ గుణకారాలూ చేసేవి. పాత బ్యాంకుల్లో పనిచేసినవాళ్లకి ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. పగలు సైన్యం పని, సాయంత్రాలూ సెలవురోజులూ ఈ పని. అలా ఏడాదిన్నర పట్టింది.

ఏం చేశారో ఆలోచించండి. మనకు వచ్చే ప్రతి రెండు ముక్కలకీ, డీలర్ తెరిచే ప్రతి ముక్కకీ, అడిగితే సగటున ఎంత పోతుంది, ఆగితే ఎంత పోతుంది? ఒక్కోదానికీ విడిగా లెక్క. ఒక్కో లెక్కలో బోలెడు కొమ్మలు. చేత్తో. నాకైతే ఆ ఓపిక తలుచుకుంటేనే చేతులు నొప్పెడతాయి. 1956 సెప్టెంబరులో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో వాళ్ల వ్యాసం అచ్చయింది. పదకొండు పేజీలు. తర్వాత పెద్ద కంప్యూటర్లు వచ్చి తిరిగి లెక్క కట్టాయి. ఈ నలుగురూ ఇచ్చిన సలహాల్లో మార్చాల్సింది చాలా కొద్ది.

వాళ్లు చెప్పిన పద్ధతికే ‘బేసిక్ స్ట్రాటజీ’ అని పేరొచ్చింది. మనం మూలసూత్రం అనుకుందాం. దాని ప్రకారం ఆడితే, ఆట నియమాలు మంచివైతే, వంద రూపాయల పందెం మీద పోయేది సగటున అర్ధరూపాయి చుట్టుపక్కల. డీలర్‌ని అనుకరిస్తే అయిదున్నర. లెక్క తెలిసి ఆడితే అర్ధరూపాయి. చూశారా తేడా? కానీ అర్ధరూపాయి అయినా పోయేదే. అది వచ్చేది కాదు. ఈ మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది సగమే వింటారు. మూలసూత్రం గెలిపించదు. తక్కువ ఓడిస్తుంది.

ముక్కలు గుర్తుపెట్టుకుని గెలిచేవాళ్ల సంగతి సినిమాల్లో చూశాం కదా, అంటారు మీరు. అది వేరే విద్య. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితాచార్యుడు ఈ నలుగురి వ్యాసం చదివాడు. 1958 క్రిస్మస్ సెలవులకి భార్యతో లాస్ వేగాస్ వెళ్లాడు. అరచేతిలో ఇమిడే చీటీ మీద వీళ్ల సలహాలన్నీ రాసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పది డాలర్లు పెట్టాడు. ఎనిమిదిన్నర పోయాయి. తర్వాత ఆయన ఐబీఎమ్ కంప్యూటర్ పట్టుకుని, వెళ్లిపోయిన ముక్కల్ని బట్టి మిగిలిన కట్ట ఎప్పుడు మనకు అనుకూలమో కనిపెట్టాడు. 1962లో పుస్తకం రాశాడు. క్యాసినోలు గగ్గోలు పెట్టి, కట్టలు పెంచి, మాటిమాటికీ కలపడం మొదలుపెట్టాయి. అది థోర్ప్ కథ. అందులో గుర్తుపెట్టుకోవాలి, పసిగట్టే సూపర్‌వైజర్ కళ్లు కప్పాలి, పెద్ద పందేలు కాయాలి. నేను చెబుతున్నదాంట్లో ఇవేవీ లేవు. మీ ముక్కలు, డీలర్ తెరిచిన ముక్క. అంతే.

లెక్కపెట్టడం అంటే గుర్తొచ్చింది, భారతంలో నలుడి కథ వినే ఉంటారు. అందులో నాకు జూదం కన్నా ఒక చెట్టు ఎక్కువ గుర్తు. నలుడు బాహుకుడి వేషంలో రథం తోలుతుంటాడు. రథంలో ఉన్న రాజు ఋతుపర్ణుడు దారిలో తాని చెట్టుని చూసి, దీనికి ఇన్ని ఆకులు, ఇన్ని కాయలు అని చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూసుకుంటాడు. ఆ తర్వాతే ఋతుపర్ణుడి దగ్గర పాచికల విద్య నేర్చుకుంటాడు. ఆ రోజుల్లో పాచికలుగా వాడింది తానికాయల్నే. చెట్టు మీద ఎన్ని ఉన్నాయో అంచనా కట్టే విద్యా, జూదం గెలిచే విద్యా ఒకే మనిషి దగ్గర ఉండటం కథ కట్టినవాళ్లకి వింతగా అనిపించలేదు. నాకు ఋతుపర్ణుడి మీద ఎంత గౌరవమో, దిగి లెక్కపెట్టిన నలుడి మీద అంతకన్నా ఎక్కువ.

సరే, మన బల్ల దగ్గరికొద్దాం.

మొన్న సంక్రాంతి సెలవులకి మా మనవరాలు వచ్చింది. ఎనిమిదో తరగతి. ఈ ఆట నేర్పమని ప్రాణం తీసింది. డబ్బు మాట లేదు. వామనగుంటలు ఆడే చింతగింజల డబ్బా తీశాం. నాకు నలభై, దానికి నలభై. డబ్బాలో మిగిలినవి లెక్కపెడితే సరిగ్గా నూరు. డీలర్ ఎవరు? వాళ్ల నానమ్మని కూర్చోబెట్టాం. ఆవిడ ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం. ‘నాకేం ఆటలు రావు, కూర చేసుకోవాలి’ అంది. ‘నువ్వేం ఆలోచించక్కర్లేదు. పదహారైతే తియ్యి, పదిహేడైతే ఆపు’ అన్నాను. ‘అంతేనా’ అని ఈనెలు తీస్తూనే పంచడం మొదలుపెట్టింది. బ్లాక్‌జాక్‌కి పందెం మీద ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. అర గింజ ఇవ్వలేం కాబట్టి పందెం రెండేసి గింజలు అనుకున్నాం.

మొదట్లోనే పిల్లకి పన్నెండు వచ్చింది. నానమ్మ ముందు ఆరు తెరిచి ఉంది. ‘పన్నెండేగా తాతయ్యా, అడుగుతా’ అంది. ఆగమన్నాను. దానికి అర్థం కాలేదు. మీరూ ఆలోచించండి.

డీలర్ ముందు ఆరు ఉంది. బోర్లా ఉన్నది ఏమై ఉంటుంది? మీ పదమూడు ముక్కలు చూడండి. విలువ పది ఉన్నవి ఎన్ని? పది, జాకీ, రాణి, రాజు. నాలుగు. ఇంకే విలువకీ నాలుగు లేవు. అంటే బోర్లా ఉన్నది పది కావడానికే అన్నిటికన్నా ఎక్కువ అవకాశం. ఆరూ పదీ పదహారు. అవును, మన పాత శత్రువు పదహారు. ఇప్పుడది డీలర్ నెత్తిన పడింది. పైగా మనలాగా ఆగే హక్కు అతనికి లేదు. పదహారుతో ముక్క తియ్యాల్సిందే. తీస్తే బతికించేవి ఐదు, ముంచేవి ఎనిమిది.

అందుకే ఆరు తెరిచిన డీలర్ నూటికి 42 సార్లు మునుగుతాడు. ఐదు తెరిచినా దాదాపు అంతే. అలాంటప్పుడు మనం తొందరపడి ముక్క అడిగి ముందుగా మునగడం ఎందుకు? పన్నెండుతోనే ఆగి, అతన్ని తియ్యనివ్వాలి.

అదే పన్నెండు. డీలర్ ముందు ఆరుకి బదులు రాజు ఉందనుకోండి. అప్పుడు అతని దగ్గర ఇరవై ఉండొచ్చు. మునిగే అవకాశం నూటికి ఇరవై చిల్లర. పన్నెండుతో కూర్చుంటే మనకు మిగిలేది ఆ ఇరవై చిల్లరే. కాబట్టి అడగాలి. పన్నెండుకి ముంచే ముక్కలు ఆ నాలుగు పదులే. తొమ్మిది ముక్కలు మనల్ని బతికిస్తాయి.

ఒకే పన్నెండు. ఒకసారి ఆగాలి, ఒకసారి అడగాలి. మన చేతిలో ఏముంది అన్న ఒక్కదాంతో నిర్ణయం అవ్వదు. ఎదుటివాడు ఏ గోతిలో ఉన్నాడో కూడా చూడాలి. రాబోయే ముక్క తెలియదు. ఏ ముక్కలు ఎన్ని ఉన్నాయో తెలుసు.

నానమ్మ ముక్క తెరిచింది. రాణి. ఇంకోటి తీసింది. తొమ్మిది. ఇరవై ఐదు. పిల్ల ఎగిరి గంతేసింది. నేనూ గర్వంగా మీసం సవరించుకున్నాను. ఆ గర్వం ఎంతోసేపు లేదు.

ఎందుకంటే తర్వాత దానికి పదహారు వచ్చింది. నానమ్మ ముందు రాజు. అదే, మొదట మిమ్మల్ని అడిగిన ప్రశ్న. ‘ఏం చెయ్యాలి తాతయ్యా?’ ‘అడుగు’ అన్నాను. జాకీ పడింది. ఇరవై ఆరు. దాని ముఖం చూడాలి. కాసేపటికి మళ్లీ పదహారే వచ్చింది, మళ్లీ నానమ్మ ముందు పదే. ఈసారి నన్ను అడగలేదు. ఆగింది. నానమ్మ బోర్లా ముక్క తిప్పితే తొమ్మిది. పంతొమ్మిది. మళ్లీ పోయింది.

‘అడిగినా పోయింది, ఆగినా పోయింది. మరి నీ లెక్క ఎందుకు తాతయ్యా?’ అంది.

ముప్పై ఏళ్లలో ఏ విద్యార్థీ ఇంత సూటిగా అడగలేదు. దానికి చెప్పిందే మీకూ చెబుతాను. ఇదే నేను దాచిపెట్టిన జవాబు.

పదహారుకి ఎదురుగా పది ఉంటే మనం ఓడే స్థితిలో ఉన్నాం. ఆగితే నూటికి 77 సార్లు ఓడతాం. అంటే వంద రూపాయల పందెంలో సగటున 54 రూపాయలు పోతాయి. అడిగితే? అప్పుడూ దాదాపు 54 పోతాయి. తేడా పైసల్లో ఉంటుంది. ఆ పైసలు అడగడం వైపు ఉన్నాయి. అందుకే అడగమన్నాను. ఈ పదహారు దగ్గర మనుషులు పడే మథన చూస్తే నవ్వొస్తుంది. గడ్డం గోక్కుంటారు, దేవుణ్ని తలుచుకుంటారు, పక్కవాణ్ని అడుగుతారు. తేలేది మాత్రం పది పైసల వ్యవహారం. పన్నెండు దగ్గర, పదకొండు దగ్గర ఆలోచించకుండా చేసే తప్పులే అసలు చిల్లు పెడతాయి.

కొన్ని బల్లల దగ్గర ఇంకో దారి ఉంటుంది. మొదటి రెండు ముక్కలు చూసుకుని, ‘నాకొద్దు’ అని సగం పందెం వదులుకుని తప్పుకోవచ్చు. సరెండర్ అంటారు. యాభై పోతుంది. ఆడితే 54 పోయేది. అంటే ఆ పదహారుకి అన్నిటికన్నా మంచి ఆట, ఆడకపోవడం. ఇది మన రమ్మీ ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు. పదమూడు ముక్కలూ చెత్తగా వస్తే, ఇరవయ్యో పాతికో పాయింట్లు ఇచ్చుకుని డ్రాప్ అయ్యేవాడు పిరికివాడు కాదని మన ఊళ్లలో అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఫుల్‌కౌంట్ ఎనభై పడటం కన్నా అదే మేలు. క్యాసినోలో మాత్రం సగం వదులుకోవడానికి చాలామందికి చెయ్యి రాదు.

పదహారుని వదిలించుకునే దారి ఇంకోటి ఉంది. ఆ పదహారు రెండు ఎనిమిదులైతే! ఒకే విలువ ఉన్న జంట వస్తే దాన్ని విడదీసి, రెండో పందెం కాసి, రెండు చేతులుగా ఆడొచ్చు. ఎనిమిదులు ఎప్పుడు వచ్చినా విడదీయమంటుంది మూలసూత్రం. డీలర్ ముందు పది ఉన్నా సరే. ఓడిపోయేచోట రెండో పందెం కూడానా అని మనసు ఎదురు తిరుగుతుంది. కానీ పదహారు కన్నా, ఎనిమిదితో మొదలయ్యే రెండు చేతులు మెరుగు. రెట్టింపు డబ్బు పెట్టి కూడా పోయేది మొత్తం మీద కొంచెం తక్కువే. ఆసుల జంటా అంతే, తప్పక విడదీయాలి. పదుల జంటని మాత్రం ముట్టుకోవద్దు. ఇరవై చేతిలో ఉండగా దాన్ని విరగ్గొట్టడం కాచిన చెట్టు నరకడమే.

మా మనవరాలు సరిగ్గా అదే చేసింది. రెండు రాజులు వచ్చాయి. విడదీస్తానంది. ఎందుకే అంటే, రెండు గెలవొచ్చు కదా అంది. పోనిమ్మన్నాను. ఒక రాజు మీద ఐదు పడింది, ఇంకో రాజు మీద ఆరు. నానమ్మకి ఇరవై. ఆ తర్వాత రాజుల జంట వస్తే విడదీయకుండా రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది.

పదకొండు వస్తే మటుకు ధైర్యం చెయ్యాలి. పందెం రెట్టింపు చేసి ఒకే ఒక్క ముక్క తీసుకునే వీలుంటుంది. పదకొండుకి ఏది పడినా మునగం. పదమూడింటిలో నాలుగు ముక్కలు ఏకంగా ఇరవై ఒకటి చేస్తాయి. నెగ్గే చోట ఎక్కువ పెట్టాలి, ఓడే చోట తక్కువ పోగొట్టుకోవాలి. డీలర్‌కి లేనిదీ మనకు ఉన్నదీ ఇదే.

ఇక ఇన్సూరెన్స్ అనే తమాషా ఒకటుంది. డీలర్ ముందు ఆసు తెరుచుకుంటే, ‘ఇన్సూరెన్స్ తీసుకుంటారా సార్’ అని మర్యాదగా అడుగుతారు. డీలర్ కింద పది ఉందని కాసే పక్క పందెం అది. ఉంటే ఒకటికి రెండు ఇస్తారు. పేరు వినగానే మనకు ఎల్‌ఐసీ గుర్తొచ్చి, మంచిదే అనిపిస్తుంది. మీ పదమూడు ముక్కలు చూడండి. పదులు నాలుగు. కానివి తొమ్మిది. పదమూడు సార్లు పదేసి రూపాయలు కట్టారనుకోండి. నాలుగుసార్లు ఇరవై చొప్పున ఎనభై వస్తాయి. తొమ్మిదిసార్లు పది చొప్పున తొంభై పోతాయి. మొత్తం మీద పది చేతిలోంచి జారాయి. మీ చేతిలో ఎంత మంచి ముక్కలున్నా ఇదే లెక్క. ఇన్సూరెన్స్ అడిగితే వద్దనండి. ప్రతిసారీ వద్దనండి.

ఆ మధ్య అమెరికాలో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. స్నేహితులతో వేగాస్ వెళ్తున్నాను, ఏం చూసుకోవాలి మాస్టారూ అన్నాడు. ముక్కల సంగతి తర్వాత, ముందు బల్ల మీద రాసింది చదువు అన్నాను. బ్లాక్‌జాక్‌కి పాత పద్ధతిలో వందకి నూట యాభై ఇచ్చేవారు. ఇప్పుడు చాలా బల్లల మీద వందకి నూట ఇరవయ్యే. గుడ్డ మీద అచ్చు వేసే ఉంటుంది, ఎవరూ చదవరు. బ్లాక్‌జాక్ దాదాపు ఇరవై ఒక్క ఆటలకి ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా ముప్పై తగ్గించారు. ఆ లెక్కన వందకి దాదాపు రూపాయిన్నర అదనంగా కోత పడుతుంది. సైనికులు ఏడాదిన్నర కష్టపడి అర్ధరూపాయికి దించిన నష్టాన్ని, క్యాసినోవాడు ఒక అంకె మార్చి దాదాపు రెండు రూపాయలకి ఎక్కించాడు. వాడు వెళ్లొచ్చాక మళ్లీ ఫోన్ చేశాడు. అక్కడంతా నూట ఇరవయ్యే మాస్టారూ, బఫే తిని వచ్చేశాం అన్నాడు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో క్యాసినోలు లేవు. గోవాలో మాండవి నది మీద ఓడల్లో ఉన్నాయి. మనవాళ్లు అక్కడికి వెళ్లొస్తుంటారని అందరికీ తెలిసిందే. పేకాటకీ మన ప్రాంతానికీ ఉన్న చుట్టరికం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా కేసు పెడితే, 1967లో కోర్టు రమ్మీలో నైపుణ్యమే ప్రధానం అంది. ఏ ముక్క పడింది, ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అని గుర్తుపెట్టుకుని ఆడాలి కదా అని. మూడుముక్కలాటని మాత్రం అదృష్టం ఖాతాలో వేసింది. బ్లాక్‌జాక్‌లోనూ నైపుణ్యం ఉంది. ఇంతసేపూ చెప్పింది అదే. కానీ రమ్మీలో ఎదురుగా ఉన్నది మీలాంటి మనిషి. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఒక నియమం. అది అలిసిపోదు, ఆవేశపడదు, పోయింది రాబట్టుకోవాలని పందెం పెంచదు. ఆ మూడూ మనమే చేస్తాం.

మా ఇంట్లో ఆ సాయంత్రం ఆట దీపాలు పెట్టేదాకా సాగింది. పిల్లకి విసుగు రాలేదు, నాకు నడుము నొప్పి వచ్చింది. చివరికి గింజలు లెక్కపెట్టాం. పాఠం నేర్చుకున్న మనవరాలి దగ్గర నలభై నాలుగు. పాఠం చెప్పిన నా దగ్గర ఇరవై తొమ్మిది. అది నన్ను చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘తాతయ్యా, నువ్వు ఒక్క తప్పూ చేయలేదు కదా?’ చేయలేదు. ‘మరి?’ ఇంకో వెయ్యి ఆటలు ఆడదాం కూర్చో అన్నాను. వాళ్ల నానమ్మ వినలేదు, లేవమంది.

ఆవిడ డబ్బాలో నూట ఏడు గింజలున్నాయి. సాయంత్రం నుంచీ ఆవిడ ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు. పదహారైతే తీసింది, పదిహేడైతే ఆపింది. చిక్కుడుకాయలన్నీ ఒలిచేసి, పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.